పంది వెంట్రుకల షేవింగ్ బ్రష్: ఏడు నెలలు వాడాక నా రివ్యూ

ముందే ఒప్పేసుకుంటా, ఇది నా రెండో బ్రష్షు. మొదటిదాన్ని నాలుగు నెలల్లో నేనే చంపేసి, పైగా దానికి ఒక స్టారు ఇచ్చి 'వెంట్రుకలు రాలిపోతున్నాయి, చెత్త' అని రాసొచ్చా. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగా ఉంది.

దాన్ని ఏం చేశానంటే, గీజర్ నీళ్ళు చాలవన్నట్టు స్టవ్ మీద సలసలా కాగిన నీళ్ళు మగ్గులో పోసి అందులో ముంచేవాణ్ణి, వేడెక్కితే మెత్తబడుతుందని నా లెక్క. మెత్తబడటం సంగతి సరే, మరిగే నీళ్ళకి వెంట్రుక ఎండి పెళుసైపోతుంది, లోపల కుచ్చుని పిడికి అంటించిన జిగురు కూడా వదులవుతుంది. అది చాలదని ఓసారి నైట్ బస్సుకి ఒంగోలు వెళ్తూ తడి బ్రష్షుని జిప్ పౌచ్‌లో కుక్కా, పొద్దున దిగి తెరిస్తే బాబోయ్ ఆ కంపు! నాన్న చూసి ఒక్క మాట కూడా అనలేదు, ఆయన బ్రష్షు మాత్రం బావి దగ్గర మేకుకి తలకిందులుగా వేలాడుతోంది, ఎన్నేళ్ళ నుంచి ఉందో ఆయనకే గుర్తు లేదు.

సరే ఈ కొత్తదాని సంగతి. ఇటలీలో తయారైంది, చెక్క పిడి, పంది వెంట్రుకలు (అమ్మకి మాత్రం 'ఇటలీ బ్రష్షు' అని మాత్రమే చెప్పా, మీరూ అంతవరకే చెప్పండి). మొదటి వారం తడిపినప్పుడల్లా పశువుల కొట్టం వాసన వస్తుంది, రోజుకి రెండు మూడు వెంట్రుకలు మొహానికి అంటుకుంటాయి, బుగ్గల మీద చీపురుతో ఊడ్చినట్టే ఉంటుంది. అక్కడ కంగారుపడి తిరిగి పంపించేయకండి. ఈ రకం వాడేకొద్దీ వెంట్రుకల కొసలు రెండుగా మూడుగా చీలి మెత్తబడతాయి, నాకు నెలన్నర పట్టింది. ఇప్పుడు కొసల దగ్గర ముట్టుకుంటే దూదిలా ఉంది, మొదలు దగ్గర గట్టిగానే ఉంది, నురగ లేవాలంటే అలాగే ఉండాలి కూడా.

నేను చేసేది ఇంతే, గోరువెచ్చని నీళ్ళలో కొసలు మునిగేంతవరకే పెట్టి పళ్ళు తోముకుంటా, ఆ నాలుగైదు నిమిషాలు చాలు, ఈ వెంట్రుక నీళ్ళు పీల్చుకునే రకం కాబట్టి నానకపోతే మెత్తబడదు. తర్వాత ఒకసారి విదిలించి సబ్బు మీద తిప్పుతా. మొహం మీద అసలు తప్పు జరిగేది ఇక్కడే, గిన్నె తోముతున్నట్టు నొక్కి గుండ్రంగా రుద్దితే కుచ్చు గొడుగులా విచ్చుకుని వెంట్రుకలు మొదట్లోనే విరుగుతాయి, నా పాతదానికి మధ్యలో బట్టతల వచ్చింది అందుకే. కాస్త తిప్పొచ్చు గానీ కొసల్తోనే, గోడకి సున్నం వేసినట్టు పైకీ కిందకీ ఆడించడం ఇంకా మేలు.

ఇక బెంగళూరు తలనొప్పి. మారతహళ్ళిలో మా బిల్డింగుకి బోరు, అది ఎండితే ట్యాంకరు, రెండూ ఉప్పునీళ్ళే. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టులా మారి కుచ్చు మొదట్లో పేరుకుంటుంది, మామూలుగా కడిగితే పోదు, ఆ పొర వల్ల వెంట్రుకలు గరుగ్గా తయారవుతాయి. వాటర్ క్యాన్ నీళ్ళు ఒక గ్లాసుడు వాడి చూశా, అదే సబ్బుకి రెట్టింపు నురగొచ్చింది! రోజూ క్యాన్ నీళ్ళతో గడ్డం గీసుకుంటే రూమ్మేట్లు ఊరుకోరు గనక నెలకోసారి గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో రెండు చెంచాల తెల్ల వెనిగర్ వేసి పది నిమిషాలు ఉంచి కడిగేస్తున్నా, తెట్టు వదులుతోంది.

కడిగాక వెంట్రుకలు పట్టుకుని లాగొద్దు, మెలి తిప్పి పిండొద్దు, గుప్పిట్లో మెల్లగా నొక్కి నాలుగుసార్లు విదిలిస్తే చాలు. బాత్రూంలో మూసిన అరలో పెట్టకుండా కిటికీ దగ్గర గాలి తగిలేలా ఉంచుతా. వేలాడదీయాలా నిలబెట్టాలా అని జనం కొట్టుకుంటారు గానీ నాకైతే రెండిట్లో తేడా కనపళ్ళేదు, ఆరితే చాలు.

నాలుగున్నర స్టార్లు. అర ఎందుకు తగ్గించానంటే పిడి మీద వార్నిష్ అప్పుడే ఒకచోట లేస్తోంది. పొద్దున తొమ్మిదింటి క్యాబ్‌కి పరిగెత్తేవాళ్ళు, తరచూ ఊళ్ళు తిరిగేవాళ్ళు సింథటిక్ కొనుక్కోండి, నానబెట్టక్కర్లేదు, తొందరగా ఆరుతుంది కూడా. నేనూ ఒంగోలు బస్సుకి అదే పట్టుకెళ్తున్నా.