నేపుల్స్ అగ్నిపర్వతాల స్కూల్ ట్రిప్ ప్యాకేజీ: పొజ్జువోలి ఉందో లేదో ముందు చూడండి

జాగ్రఫీ ట్రిప్ పేరుతో ఇటలీలోని నేపుల్స్‌కు అమ్మే నాలుగు రోజుల ప్యాకేజీలు చాలావరకు ఒకే అచ్చు: పాంపీ శిథిల నగరానికి రోజంతా, వెసూవియస్ అగ్నిపర్వతానికి ఒక పూట, పాంపీలాగే పూడిపోయిన హెర్క్యులేనియం పట్టణానికి హడావిడిగా గంటన్నర, మిగతాది సోరెంటో ఊళ్లో షాపింగ్. పెట్టిన డబ్బుకు తగ్గ ట్రిప్పే, కానీ ఈ వరస మార్పించుకోవాలి. పిల్లలకు అసలు పాఠం దొరికేది పొజ్జువోలిలో, చాలా ప్యాకేజీల్లో దాని ఊసే ఉండదు.

పొజ్జువోలి పట్టణం కాంపీ ఫ్లెగ్రేయి అనే పెద్ద కాల్డెరా (విస్ఫోటం తర్వాత నేల కూలి ఏర్పడిన అగ్నిపర్వతపు గుంట) లోపలే ఉంది. రేవుకు దగ్గర్లో రోమన్ల నాటి సంత శిథిలాల మధ్య మూడు పాలరాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. 1750లో అక్కడ సెరాపిస్ అనే దేవుడి విగ్రహం దొరకడంతో సెరాపిస్ గుడి అనుకున్నారు, ఆ పేరే నిలిచిపోయింది. రెయిలింగ్ దగ్గర నిలబెట్టి, స్తంభాన్ని కింది నుంచి పైకి చూడమనండి. అడుగు భాగం నునుపు. దాని పైన ఒక పట్టీ మేర చెదలు తిన్న దూలంలా చిల్లులే చిల్లులు. ఆ పైన మళ్లీ నునుపు. ఆ చిల్లులు రాతిని తొలిచే లిథోఫాగా అనే సముద్రపు ఆల్చిప్పలవి. నేల కుంగినప్పుడు స్తంభాలు ఆ పట్టీ దాకా ఉప్పునీళ్లలో మునిగాయి. అడుగు భాగం అప్పటికే మట్టిలో పూడిపోవడంతో ఆల్చిప్పలకు అందలేదు. తర్వాత నేల తిరిగి లేచింది. 1982–84 మధ్య ఒక్కసారే సుమారు 1.8 మీటర్లు లేచింది. 2005 నుంచి మళ్లీ లేస్తోంది. టికెట్ లేదు, గంట చాలు. వర్క్‌షీట్ నింపించాల్సింది ఇక్కడే: స్తంభం బొమ్మ, పట్టీ ఎత్తు అంచనా, ఒక్కో భాగానికి కారణం.

ప్యాకేజీలో సోల్ఫతారా (పొజ్జువోలిలోనే వేడి ఆవిర్లు చిమ్మే అగ్నిపర్వత బిలం) అని రాసి ఉంటే వెంటనే అడగండి. 2017 సెప్టెంబర్‌లో ముగ్గురు చనిపోయిన ప్రమాదం తర్వాత దాన్ని మూసేశారు. బదులుగా మోంటే నువోవో అడగండి. 1538లో వారం రోజుల్లో పుట్టిన కొండ అది, ఎత్తు 133 మీటర్లు. 2025లో ఈ ప్రాంతంలో 4.6 తీవ్రతతో భూకంపాలు వచ్చాయి కాబట్టి, మీరు వెళ్లే రోజు దారి మూసేస్తే ఏం చేస్తారో ఆపరేటర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

వెసూవియస్ ఎత్తు 1,281 మీటర్లు. బస్సు దాదాపు 1,000 మీటర్ల దాకా వెళ్తుంది, అక్కణ్ణుంచి అరగంట నడక. ఎక్కడం కష్టం కాదు, దిగడమే ఇబ్బంది: వదులు కంకర కాలి కింద గింజల్లా దొర్లుతుంది. పట్టున్న బూట్లు తప్పనిసరి. టికెట్లు ఆన్‌లైన్‌లోనే, టైమ్ స్లాట్‌తో ఇస్తారు. గేటు దగ్గర సిగ్నల్ సరిగా అందదు, ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. గాలి, మంచు ఎక్కువైతే దారి మూసేస్తారు. అందుకే వెసూవియస్‌ను చివరి రోజుకు పెట్టిన ప్యాకేజీ తీసుకోవద్దు, మర్నాడు ఖాళీ పూట ఉండాలి. బస్సు ఎక్కేటప్పుడు 1944 నాటి లావా మీద బూడిదరంగు లైకెన్ (రాళ్ల మీద పెరిగే, శిలీంధ్రం, శైవలం కలిసిన జీవి) పేరుకుని కనిపిస్తుంది. చాలామంది గైడ్లు చెప్పకుండానే దాటిపోతారు. కొత్త రాయి మీద ప్రాణం ఎలా మొదలవుతుందో చూపించడానికి అంతకంటే మంచి చోటు ఆ దారిలో లేదు.

పాంపీకి సగం రోజు చాలు, మిగిలిన సగం హెర్క్యులేనియంకు ఇవ్వాలి. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు గాలి ప్యూమిస్‌ను (నురగలాంటి తేలికైన అగ్నిపర్వత రాయిని) పాంపీ వైపు మోసుకెళ్లింది. ఆ బరువుకు పైకప్పులు కూలాయి. హెర్క్యులేనియంను ముంచింది వేడి బూడిద, వాయువుల ప్రవాహం. గాలి తగలక దూలాలు, తలుపులు కాలిపోకుండా బొగ్గుగా మారి మిగిలాయి. ఒకే విస్ఫోటం, రెండు ఊళ్లు పూడిన తీరు వేరు. ఈ తేడా చూపించకపోతే పాంపీ వట్టి పాత ఊరే. పాంపీలో రోజుకు 20,000 మందికే ప్రవేశం, టికెట్ మీద పేరు ఉండాలి, 30×30×15 సెంటీమీటర్లు దాటిన బ్యాగులు లోపలికి రానివ్వరు. 18 ఏళ్లలోపు వాళ్లకు ఉచితమే అయినా టికెట్ తీసుకోవాలి.

సర్కుంవెసూవియానా లోకల్ రైలు చవకే, కానీ కిక్కిరిసి ఉంటుంది, జేబుదొంగల బెడదా ఉంది. నలభై మంది పిల్లలతో అయితే సొంత బస్సే మేలు. తిండికి ఇబ్బంది లేదు, మార్గరిటా పిజ్జా ఎక్కడైనా దొరుకుతుంది.

హైదరాబాద్ నుంచి వెళ్లే స్కూళ్లు షెంగెన్ వీసాకు (ఇటలీతో సహా చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే వీసా) ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. మైనర్లకు తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి. బయల్దేరే ముందు పిల్లల్ని ఒకసారి వికారాబాద్ కొండల్లో దక్కన్ బసాల్ట్ చూపించి తీసుకెళ్లండి. పలచగా పారి పరుచుకున్న లావా అది. వెసూవియస్ శిలాద్రవం చిక్కనిది, వాయువుల్ని లోపలే బంధించి పేలుతుంది. రెండు రాళ్లూ చేత్తో తాకిన పిల్లలకు ఆ తేడా బోర్డు మీద గీసి చెప్పక్కర్లేదు.