మూడు మిర్చి సీజన్లు ఏజీ గ్రిడ్‌తో: గడి కాదు, వరుస మొత్తం సేవ్ కావాలి

గుంటూరులో ఒక మిర్చి కమిషన్ వ్యాపారికి నేను రాసిచ్చిన వెబ్ అప్లికేషన్‌కు ఈ ఏడాదితో మూడు సీజన్లు నిండాయి. రైతు పేరు, లాట్ నంబరు, రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం, క్వింటా రేటు, మొత్తం. గుమాస్తాలు పొద్దున్నుంచి రాత్రిదాకా చూసేది ఈ ఒక్క టేబుల్‌నే. తేజ, బాడిగ, 334, 341 అంటూ లాట్లు వస్తూనే ఉంటాయి. పొద్దున ఎక్కించిన వరుస సాయంత్రానికి అలాగే ఉండదు. కాటా అయ్యాక తూకం పడుతుంది, బేరం కుదిరాక రేటు పడుతుంది, తాలు (రంగు పోయిన నాసిరకం కాయలు) వేరు చేస్తే టిక్కీలు తగ్గుతాయి.

మొదట్లో ప్రతి వరుస పక్కన పెన్సిల్ బొమ్మ పెట్టాను. దాన్ని నొక్కితే వేరే పేజీ తెరుచుకునేది, సేవ్ చేస్తే మళ్లీ టేబుల్ మొదటికి వచ్చేది. నూట యాభయ్యో వరుసలో పనిచేస్తున్న మనిషి ప్రతిసారీ కిందికి వెతుక్కుంటూ పోవాలి. అది చూసి టేబుల్‌లోనే దిద్దుకునే వీలు కల్పించాలనుకుని వెబ్ పేజీల్లో టేబుల్ చూపించే జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఏజీ గ్రిడ్‌లో కమ్యూనిటీ ఎడిషన్ తీసుకున్నాను. ఇది ఎంఐటీ లైసెన్స్‌తో ఉచితంగా వస్తుంది. గడుల్లో దిద్దడానికి కావాల్సిన ముఖ్యమైన సరంజామా అంతా అందులోనే ఉంది. ఎక్సెల్‌లోలాగా గడి మూల పట్టుకుని కిందికి లాగితే విలువలు నిండడం, ఎక్సెల్ ఫైల్‌గా ఎగుమతి చేయడం లాంటివి డబ్బు కట్టే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో ఉంటాయి. మాకు వాటి అవసరం రాలేదు. సీఎస్‌వీ ఎగుమతి ఉచిత ఎడిషన్‌లోనే ఉంది, లెక్కలాయనకు అది చాలు.

కాలమ్‌కు ఎడిటబుల్ అని ఒక్క మాట రాస్తే గడి తెరుచుకుంటుంది. డబుల్ క్లిక్ చేసినా, ఎంటర్ నొక్కినా, ఎఫ్2 నొక్కినా సరే. ఎస్కేప్ నొక్కితే పాత విలువే ఉంటుంది. మొదటి రోజే ఇదంతా పనిచేయడం చూసి పని అయిపోయిందనుకున్నాను. ప్రతి గడి మారగానే గ్రిడ్ పంపే సెల్‌వాల్యూచేంజ్డ్ అనే సంకేతం (ఈవెంట్) రాగానే ఆ ఒక్క విలువను సర్వర్‌కు పంపేలా రాశాను. అసలు తప్పు అక్కడే జరిగింది.

ఒక లాట్ 62 టిక్కీలు, 27.46 క్వింటాళ్లు అని ఎక్కింది. అందులో 4 టిక్కీలు తాలుగా పక్కన పెట్టారు. గుమాస్తా 62ను 58 చేశాడు. అది వెంటనే సేవ్ అయిపోయింది. తూకం మార్చేలోపు ఫోన్ వచ్చింది. ఆ నిమిషంలోనే పక్క కౌంటర్‌లో ఇంకో గుమాస్తా అదే లాట్‌కు పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) ప్రింట్ తీసి రైతు చేతికిచ్చాడు. పట్టీలో 58 టిక్కీలు, 27.46 క్వింటాళ్లు. రైతు అక్కడే నిలబడి వేళ్ల మీద లెక్కేసుకుని, "ఏంది అబ్బాయ్, నా టిక్కీ నలభై నాలుగు కిలోలకు మించి తూగదు, ఇక్కడ నలభై ఏడు పడిందే?" అన్నాడు. తనకు ఎక్కువ వచ్చే లెక్కను ఆయనే ఆపాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇదే పొరపాటు ఆయనకు తక్కువ వచ్చేలా జరిగి ఉంటే ఎవరూ గమనించేవాళ్లు కాదేమో.

టిక్కీలు, తూకం, రేటు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. వాటిని విడివిడిగా సేవ్ చేయకూడదు. ఏజీ గ్రిడ్‌లో ఎడిట్‌టైప్ అనే సెట్టింగ్‌కు ఫుల్‌రో అని ఇస్తే వరుసలో దిద్దగలిగే గడులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. ట్యాబ్‌తో గడి నుంచి గడికి పోవచ్చు, ఎంటర్‌తో వరుస మొత్తం ముగుస్తుంది, ఎస్కేప్‌తో వరుస మొత్తం వెనక్కి పోతుంది. ఏదైనా మారి ఉంటే చివర్లో రోవాల్యూచేంజ్డ్ ఈవెంట్ ఒక్కసారి వస్తుంది. ఆ ఒక్కచోటే సర్వర్‌కు పంపాలి. ఇది మార్చిన రోజు పాత ఈవెంట్‌కు రాసిన కోడ్ తీసేయడం మర్చిపోయాను. ఫుల్‌రో పద్ధతిలో కూడా మారిన ప్రతి గడికీ సెల్‌వాల్యూచేంజ్డ్ వస్తుంది కాబట్టి ఒక్క దిద్దుబాటుకు నాలుగు రిక్వెస్టులు పోయాయి. ఈ దారిలో వెళ్లేవాళ్లు ముందు అది తీసేయండి.

స్టాప్‌ఎడిటింగ్‌వెన్‌సెల్స్‌లూజ్‌ఫోకస్ అనే ఇంకో సెట్టింగ్ ఉంది. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. అంటే తూకం టైప్ చేసి, ఎంటర్ నొక్కకుండా గ్రిడ్ బయట ఉన్న ప్రింట్ బటన్ నొక్కితే వరుస ఇంకా తెరిచే ఉంటుంది, కాగితం మీద పాత తూకమే వస్తుంది. నేను దాన్ని ఆన్ చేశాను. అది చాలదని ప్రింట్ బటన్ కోడ్‌లో ముందు దిద్దుబాటును ముగించే స్టాప్‌ఎడిటింగ్‌ను పిలిచి, సర్వర్ నుంచి సేవ్ అయిందన్న జవాబు వచ్చాకే పట్టీ తీసేలా చేశాను. పట్టీ అంటే రైతు డబ్బు. అక్కడ అర సెకను ఆలస్యమైనా పర్వాలేదు.

రేటు దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. మనవాళ్లు 14,500 అని కామాతోనే కొడతారు, అది అలవాటు. జావాస్క్రిప్ట్‌లో రాతను అంకెగా మార్చే పార్స్‌ఫ్లోట్ కామా దగ్గర ఆగిపోయి 14 ఇస్తుంది, ఎర్రర్ ఏమీ చూపించదు. ఆ లాట్ మొత్తం వందల్లో కనిపించడంతో దొరికింది. ఇప్పుడు కొట్టినదాన్ని విలువగా మార్చే వాల్యూపార్సర్‌లో కామాలు, ఖాళీలు తీసేసి, మిగిలింది పూర్తిగా అంకెలేనా అని చూసి, కాకపోతే పాత విలువే ఉంచి గడి అంచును ఎర్రగా చేస్తున్నాను. సర్వర్‌లో కూడా అదే పరీక్ష మళ్లీ ఉంది. టిక్కీ సగటు 35 కిలోల కంటే తగ్గినా 50 దాటినా "ఒకసారి చూసుకోండి" అని అడుగుతుంది, ఆపదు. నిజంగానే పెద్ద టిక్కీలు వచ్చే రోజులుంటాయి.

ఇద్దరు గుమాస్తాలు ఒకే వరుసను తెరవడం గురించి గ్రిడ్‌ను అడిగి లాభం లేదు, అది డేటాబేస్ పని. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ప్రతి వరుసకు వెర్షన్ అంకె పెట్టాను. అప్‌డేట్ చేసేటప్పుడు ఐడీతో పాటు ఆ వెర్షన్ కూడా సరిపోవాలి, సరిపోకపోతే ఒక్క వరుసా మారదు. అప్పుడు సర్వర్ 409 (మార్పులు ఢీకొన్నాయనే కోడ్) పంపుతుంది. స్క్రీన్ మీద "మీరు కొట్టింది 27.46, ఇంకొకరు కొట్టింది 25.70, ఏది ఉంచాలి?" అని రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. ఎవరు, ఎప్పుడు, ఏ విలువను ఏం చేశారో వేరే టేబుల్‌లో ఉంటుంది. దాన్ని ఎవరూ దిద్దలేరు.

గుమాస్తాలవి ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌కు అలవాటుపడ్డ చేతులు. అక్కడ ఎంటర్ కొడితే తర్వాతి గడికి పోతుంది, ఇక్కడేమో వరుసే మూసుకుపోతుంది. మొదటి వారం ఇదే టెన్షన్. సప్రెస్‌కీబోర్డ్‌ఈవెంట్ అనే వీలుతో ఎంటర్‌ను గ్రిడ్ పట్టించుకోకుండా చేసి, మేమే తర్వాతి గడికి పంపుతున్నాం. చివరి గడిలో మాత్రం ఎంటర్ వరుసను ముగిస్తుంది. ఇది మార్చాక పెద్ద గుమాస్తాగారు మౌస్ పక్కన పెట్టేశారు. నేను రాసినవాటిలో ఆయన నోటితో బాగుందన్నది ఇదొక్కటే.

సీజన్ నడిమధ్య వేల వరుసలున్నా స్క్రోల్ తడబడదు. కనిపించే వరుసలనే గ్రిడ్ పేజీలో గీస్తుంది కాబట్టి అది సాధ్యం. ప్రతి వరుసకు విడి గుర్తింపు చెప్పే గెట్‌రోఐడీ మాత్రం తప్పకుండా ఇవ్వండి. అది ఇచ్చి, సర్వర్ నుంచి వచ్చిన మార్పులను అప్లైట్రాన్సాక్షన్‌తో కలిపితే మారిన వరుస ఒక్కటే మారుతుంది. నేను మొదట్లో అర నిమిషానికోసారి టేబుల్ మొత్తం కొత్తగా నింపేవాణ్ని, దిద్దుతున్న మనిషి చేతిలోంచి వరుస జారిపోయేది.

నాకు ఇప్పటికీ లోటుగా అనిపించేది ఒకటుంది. వరుస తెరిచి ఉన్నంతసేపూ "మొత్తం" అనే కాలమ్‌లో అంకె కదలదు, ముగించాకే కొత్త లెక్క కనిపిస్తుంది. గుమాస్తాకేమో ముగించే ముందే మొత్తం చూసుకోవాలని ఉంటుంది. దానికోసం గ్రిడ్ కింద చిన్న బార్‌లో లెక్క చూపిస్తున్నాను. ఫోన్‌లో అయితే ఇన్ని గడులు ఒకేసారి తెరిస్తే వేలు పట్టదు, యార్డులో నిలబడి కొట్టేవాళ్లకు విడిగా ఫారమ్ ఇచ్చాను. వచ్చే సీజన్‌కు ఆ ఫారమ్‌లో కాటా చీటీ ఫొటో కూడా వరుసకు జతయ్యేలా చేస్తున్నాను.