ఆపరేషన్‌కి ఐదు స్టార్లు, చేతుల శుభ్రతకి రెండు

అమ్మ తుంటి ఎముక ఆపరేషన్ కోసం ఇక్కడ చేరాం. ఆరో రోజు ఇంటికి పంపేస్తామన్నారు, మొత్తం 14 రోజులు పట్టింది. ఆసుపత్రి పేరు రాయను, ఈ గొడవ ఈ ఒక్కచోటే ఉంటుందని నేననుకోవడం లేదు. సర్జన్ గారి హస్తవాసికి వంక పెట్టలేం, మూడో రోజుకే అమ్మ వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసింది. ఐదో రోజు రాత్రి మాత్రం చలిజ్వరం వచ్చి మంచం ఊగిపోయేలా వణికింది.

తుంటికీ దానికీ సంబంధం లేదు. యూరిన్ పైపు దగ్గర ఇన్ఫెక్షన్ అయ్యుంటుందని డ్యూటీ డాక్టర్ అప్పటికప్పుడు పైపు తీయించి, ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్ పరీక్షకి శాంపిల్ పంపారు. నా మొదటి కంప్లైంట్ ఇక్కడే. మూడో రోజే లేచి నడిచిన మనిషికి ఐదో రోజు దాకా ఆ పైపు ఎందుకుంచారు? అది లోపల ఉన్న ప్రతి రోజూ ఇన్ఫెక్షన్ అవకాశం పెరుగుతుంది, అందుకే రోజూ రౌండ్స్‌లో "ఇది ఇంకా కావాలా" అని అడగాలి. డాక్టర్లు వచ్చారు, కుట్లు చూశారు, వెళ్లారు, పైపు ఊసెత్తినవాళ్లు లేరు. పైగా ఆ యూరిన్ బ్యాగ్ సగం టైమ్ నేల మీదే ఉండేది.

రిపోర్ట్ వచ్చేదాకా రెండు రోజులు చేసేదేం లేక, వచ్చేపోయేవాళ్ల చేతులు చూస్తూ కూర్చున్నా. గోడ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఐదు సందర్భాల పోస్టర్ ఉంది: పేషెంట్‌ని ముట్టుకునే ముందు, సూది, పైపు లాంటి పనుల ముందు, రక్తమో మూత్రమో తగిలాక, పేషెంట్‌ని ముట్టుకున్నాక, మంచం చుట్టూ ఉన్నవి ముట్టుకున్నాక. సరిగ్గా దాని కింద ఉన్న శానిటైజర్ బాటిల్ పంపు నొక్కితే గాలి వచ్చింది. రెండో బాటిల్ వార్డు గుమ్మం దగ్గర, మా మంచమేమో ఈ చివర కిటికీ పక్కన. రాత్రిపూట ఒక్క సిస్టర్, 14 మంది పేషెంట్లు. ప్రతి మంచానికీ ముందోసారి తర్వాతోసారి గుమ్మం దాకా నడవాలంటే ఆవిడకి తెల్లారిపోతుంది, కాబట్టి సిస్టర్లని తిట్టడానికి నాకు నోరు రావడం లేదు, బాటిల్ అక్కడ పెట్టినవాళ్లని అడగాలి. జెనీవా ఆసుపత్రుల్లో డిడియే పిట్టే అనే డాక్టర్ బృందం 1994లో మొదలుపెట్టి, మంచం పక్కనే చేతికందేలా ఆల్కహాల్ రబ్ (చేతులకి రాసుకునే శానిటైజరే) ఉంచడం మీద గట్టిగా పనిచేస్తే, చేతులు శుభ్రం చేసుకోవాల్సినప్పుడు నిజంగా చేసుకోవడం 1997 నాటికి 48 శాతం నుంచి 66కి పెరిగింది, మందులకి లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ అనే క్రిమి వ్యాప్తి కూడా సగానికి పైగా తగ్గింది.

గ్లౌజుల సంగతి ఇంకో తలనొప్పి. పక్క మంచం ఆయన యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసిన గ్లౌజులతోనే ఒక సిస్టర్ అమ్మ సెలైన్ దగ్గరికొచ్చారు. "సిస్టర్, గ్లౌజులు ఒకసారి మారుస్తారా?" అన్నా. చేతులు చూసుకుని "అయ్యో, సారీ అండీ" అని వెంటనే తీసేశారు, కోపం చూపించలేదు. అడగాలంటే నాకే గుండె దడదడలాడింది.

నేల మాత్రం అద్దంలా ఉంటుంది. ఫినాయిల్ వాసన చూసి మొదటి రోజు నేనూ మురిసిపోయా. తర్వాత గమనిస్తే బాత్రూమ్ తుడిచిన మాప్ అదే బూడిదరంగు నీళ్లలో ముంచి వార్డులోకి తెస్తున్నారు. మంచం రెయిలింగ్, కాల్ బెల్, సెలైన్ స్టాండ్ లాంటి, చేతులు నిజంగా పడే చోట్లు ఎప్పుడో గాని తుడవరు, తుడిచినా మందు అలా రాసి ఇలా పొడిగుడ్డతో తీసేస్తారు. సీసా మీద రాసినన్ని నిమిషాలు తడిగా ఉంటేనే అది పనిచేసేది. అసినెటోబ్యాక్టర్ లాంటి ఆసుపత్రి క్రిములు పొడి వస్తువుల మీద కూడా వారాల తరబడి బతుకుతాయి మరి. మిగిలిపోయిన సెలైన్, యాంటీబయాటిక్ సీసా అడుగున ఉన్నదీ చేతులు కడిగే సింక్‌లోనే పోస్తున్నారు. ఆ గొట్టంలో జిగురులా పట్టిన పొరలో మొండి క్రిములు పెరుగుతాయి, కుళాయి తిప్పితే తుంపర్లతో పైకొస్తాయి.

ఏడో రోజు రిపోర్ట్ వచ్చింది, క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా. మందుల పేర్ల ఎదురుగా ఆర్, ఆర్, ఆర్ అని వరసగా. ఆర్ అంటే ఆ మందుకి లొంగదని. పరీక్ష ఫలితాల్లో నంబర్ వెతుక్కున్నట్టు వేలు పెట్టి కిందిదాకా వస్తే, అట్టడుగున రెండింటికి ఎస్ కనిపించింది, అవి పనిచేస్తాయన్నమాట. వాటిలో ఒకటి వారం రోజులు నరానికి ఎక్కించారు. తర్వాత చదివితే తెలిసింది, ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో ధనిక దేశాల్లో 7, పేద, మధ్యాదాయ దేశాల్లో 15 మందికి ఇలా అక్కడే ఏదో ఒక ఇన్ఫెక్షన్ వస్తోందట.

మెచ్చుకోవాల్సిందీ ఉంది. రిపోర్ట్ వచ్చిన గంటలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ వచ్చి అమ్మని విడి గదికి మార్పించారు, బీపీ పట్టీ, థర్మామీటర్ అమ్మకే విడిగా ఇచ్చారు, లోపలికొచ్చే ప్రతివాళ్లకీ ఏప్రాన్. బాటిళ్ల గురించి చెబితే వాదించకుండా రాసుకున్నారు. "నేను నిలబడి చూస్తుంటే అందరూ కడుగుతారు, అసలు లెక్క నేను లేనప్పటిది" అని నవ్వేశారు. పదో రోజుకి వార్డులో ప్రతి మంచం కాళ్ల వైపు ఒక బాటిల్ వేలాడుతోంది.

డిశ్చార్జి రోజు ఇచ్చిన ఫారంలో గది శుభ్రతకి ఒక గడి, బాత్రూమ్‌కి ఒక గడి ఉన్నాయి, చేతులకి లేదు. వెళ్లేముందు పాత వార్డులోకి వెళ్లి కిటికీ పక్క మంచం బాటిల్ నొక్కి చూసి, మార్జిన్‌లో పెన్నుతో రాసిచ్చా: "బాటిల్ మళ్లీ ఖాళీ అయింది, నింపండి."