థియనిన్, టైరోసిన్, గ్లైసిన్: చాన్నాళ్ళు వాడాక ఏది ఉంచా, ఏది మానేశా

బెంగళూరు బెల్లందూర్‌లో ఉంటా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, క్లయింట్ అమెరికావాడు కాబట్టి కాల్స్ అన్నీ రాత్రిపూటే. పైన చెప్పిన మూడూ డబ్బాల్లో అమ్మే అమైనో యాసిడ్ సప్లిమెంట్లు. మెమరీ పెరుగుతుందని వీటిని కొనేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, వీసమెత్తు పెరగలేదు, నిన్న ఏం చేశానో రోజూ జరిగే టీమ్ మీటింగ్‌లో ఇప్పటికీ జిరా (మా పనుల లిస్టు ఉండే సాఫ్ట్‌వేర్) చూసే చెప్తా.

ఎల్-థియనిన్ టీ ఆకులో ఉండేదే, 1949లో జపాన్ వాళ్ళు గ్రీన్ టీలో కనిపెట్టారు. క్యాప్సూల్‌లో 200 మిల్లీగ్రాములుంటుంది, కప్పు టీలో అంత రాదు. దర్శినిలో (ఇక్కడ నిలబడి తినే చిన్న హోటల్) స్ట్రాంగ్ ఫిల్టర్ కాఫీ తాగి వేసుకుంటా. ఒట్టి కాఫీకి చేతులు వణకడం, గుండె దడ, కోడ్ రివ్యూలో ఎవడైనా కామెంట్ పెడితే వాణ్ణి కొట్టాలన్నంత చిరాకు ఉండేవి, ఇప్పుడు బాగా తగ్గాయి. కాఫీ లేకుండా వేసుకుంటే మాత్రం నాకేం తేడా తెలీలేదు.

టైరోసిన్‌తో ఒంట్లో డోపమైన్ అనే మెదడు రసాయనం తయారవుతుంది, దాన్ని పట్టుకుని మూడ్‌కి అని అమ్మేస్తున్నారు గానీ పరిశోధనల్లో కాస్త పనిచేసింది నిద్రలేనప్పుడు, చలికో ఒత్తిడికో గురైనప్పుడే. నాకూ అంతే, రిలీజ్ రాత్రి తెల్లారేదాకా కూర్చోవాల్సొస్తే పనికొచ్చింది, మామూలు రోజుల్లో దండగ. పౌడర్ మాత్రం కొనకండి బాబోయ్, చెంచా పెట్టి ఎంత తిప్పినా కరిగి చావదు, సగం పైన తేలుతుంది, సగం గ్లాసుకి సున్నంలా అంటుకుంటుంది. పైగా పరగడుపునే వేసుకోవాలి, గుడ్లో పప్పో తిన్నాక వేసుకుంటే వాటిలోని అమైనో యాసిడ్లు కూడా మెదడులోకి అదే దారిన దూరాలని చూస్తాయి, దీనికి చోటుండదు. థైరాయిడ్ హార్మోన్ కూడా దీంతోనే తయారవుతుంది, కాబట్టి థైరాయిడ్ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు.

మూడ్‌కి అమ్మే ఇంకో సప్లిమెంట్ ఫైవ్-హెచ్‌టీపీ, ఒంట్లో సెరొటోనిన్ అనే మెదడు రసాయనంగా మారుతుంది, అది నేను వాడలేదు, వాడను కూడా. డిప్రెషన్ మందులు వేసుకునేవాళ్ళు దాని జోలికెళ్తే సెరొటోనిన్ మరీ ఎక్కువై ప్రాణం మీదికి రావచ్చు. నిజంగా మనసు బాలేకపోతే నిమ్హాన్స్ అనే మానసిక వైద్యం చేసే సర్కారు ఆసుపత్రి మన బెంగళూరులోనే ఉంది, డబ్బాలు కొనడం ఆపి అక్కడికెళ్ళండి.

గ్లైసిన్ చవక, పడుకునేముందు 3 గ్రాములు నీళ్ళలో కలిపితే ఇట్టే కరుగుతుంది, తియ్యగా ఉంటుంది, మా రూమ్మేట్ పంచదార అనుకుని టీలో వేసుకుని బానే ఉందన్నాడు కూడా. మత్తేం రాదు, కాల్ అయ్యాక అటూ ఇటూ దొర్లడం తగ్గింది, లేచాక తల బరువుగా ఉండట్లేదు. టైరోసిన్ సగం డబ్బా అలాగే ఉంది, ఇది మాత్రం అయిపోకముందే మళ్ళీ తెప్పిస్తున్నా.