స్టాంపులా, మార్కర్లా, కాగితం పనా: తెలుగు గ్రీటింగు కార్డుకి ఏది మేలు?

డిసెంబరు వస్తే చాలు, నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. "అక్కా, ఈసారి కార్డులు మేమే చేద్దామనుకుంటున్నాం. ముందు ఏటి కొనమంటావు, స్టాంపులా మార్కర్లా?" కొత్త సంవత్సరం, వెనకే రెండు వారాల్లో సంక్రాంతి. అడిగేవాళ్ళకి తీరిక తక్కువ, ఆశ ఎక్కువ. మా విజయనగరంలో గంటస్తంభం వైపు బజారుకి వెళ్తే మార్కర్లు చేతికొస్తాయి. బొమ్మల స్టాంపులు మాత్రం ఆన్‌లైన్లో తెప్పించుకోవాల్సిందే. అందుకే చాలామంది దొరికేదాన్ని బట్టి తేల్చేసుకుంటారు, కొంతమంది ధరను బట్టి. నేను మాత్రం ముందు అడిగేది వేరే: కార్డు మీద మాట ఏ భాషలో ఉండాలి?

ఇంగ్లీషులో చాలంటే ఇక ఆలోచించక్కర్లేదు. పారదర్శకంగా ఉండే పాలిమర్ స్టాంపుల షీటు ఏది తీసుకున్నా సగం పువ్వులు, సగం "హ్యాపీ బర్త్‌డే", "థాంక్యూ" ఉంటాయి. యాక్రిలిక్ దిమ్మకి అంటించి వేసుకోవడమే. "సంక్రాంతి శుభాకాంక్షలు" అని ఉండాలంటే మాత్రం ఆ షీట్లో సగం మనకి దండగ. పువ్వు ఎవరి పువ్వైనా ఒకటే, అక్షరం అలా కాదు. నా లెక్కలో మూడింటి గెలుపోటములు తేలేది ఇక్కడే.

మార్కర్లతో మొదలుపెడదాం. వీటికున్న పెద్ద సుగుణం, తెలుగు రాయడానికి ఎవరి దయా అక్కర్లేదు. చేతిలో ఉన్నది కార్డు మీదకి వస్తుంది. కానీ బ్రష్ పెన్ను పాఠాలు వీడియోల్లో చూసి నేర్చుకున్నవాళ్ళకి ఒక చిక్కుంది. కిందికి లాగేటప్పుడు లావు, పైకి వెళ్ళేటప్పుడు సన్నం అన్న సూత్రం ఇంగ్లీషు అక్షరాల నిలువు గీతలకి పుట్టింది. మన "అ" లోనో "ఠ" లోనో నిలువు గీత ఎక్కడుంది? గుండ్రాలే అన్నీ. బ్రష్ కొనతో ఆ సూత్రం పాటిస్తే అక్షరం ఒక పక్క ఉబ్బి, ఒక పక్క చిక్కిపోతుంది. తెలుగుకి రెండే దారులు బాగా కుదురుతాయి. ఒకటి, గుండ్రటి కొన ఉన్న మార్కరుతో అంతటా ఒకే లావుగా రాయడం. రెండు, ఉలి కొన మార్కరుని ఒకే వాలులో పట్టుకుని, మణికట్టు తిప్పకుండా రాయడం. రెండోదానికి కొంచెం సాధన కావాలి గానీ తలకట్టు, దీర్ఘం చక్కగా పడతాయి.

అయిదారు కార్డులైతే మార్కర్లకి మించింది లేదు, నిజంగా. ఒక్కో కార్డు ఒక్కోలా ఉంటుంది, అవతలి మనిషి పేరు పెద్దగా రాయొచ్చు, నల్ల కాగితం మీద తెల్ల జెల్ పెన్నుతో చుక్కల ముగ్గు వేస్తే సంక్రాంతి దానంతట అదే వచ్చేస్తుంది. ఇరవై దాటితే కథ వేరు. మొదటి కార్డులో "శు" ఒకలా ఉంటుంది, చివరి కార్డులో ఇంకోలా. చెయ్యి అలిసిన సంగతి చూసేవాళ్ళకి తెలిసిపోతుంది.

కాగితం విషయంలోనూ మార్కర్లు గారాబం చేయించుకుంటాయి. ఆల్కహాల్ మార్కర్లు రంగులో రంగు కలిసేలా అందంగా పడతాయి, కాగితం వెనక్కీ దిగిపోతాయి. కార్డు లోపల మాట రాయాల్సిన చోట అవతలి పువ్వు మరకలా కనపడుతుంది. బొమ్మని వేరే ముక్క మీద వేసి కార్డుకి అంటించడమే దీనికి మందు. స్కెచ్ పెన్నుల్లాంటి నీటి రంగు మార్కర్లకి ఆ బాధ లేదు, కానీ ఒకే చోట నాలుగుసార్లు రుద్దితే కాగితం నూగు లేస్తుంది. చేతితో చేసిన గరుకు కాగితం మీద బ్రష్ కొన తొందరగా చీలిపోతుంది కూడా.

ఇక స్టాంపులు. నా మొగ్గు ఇటేనని ముందే చెప్పేస్తాను, దాచినా దాగదు.

తెలుగు మాట స్టాంపుగా కావాలంటే క్రాఫ్టు సామాన్ల వైపు చూడకండి. ఆఫీసులకి సీళ్ళు చేసే రబ్బరు స్టాంపుల కొట్టుకి వెళ్ళండి. మన ఊళ్ళలో ఆఫీసులూ కోర్టులూ ఉన్న చోట ఒక్కటైనా ఉంటుంది. హెడ్మాస్టరు సీలు చేసినవాడు "పెళ్ళిరోజు శుభాకాంక్షలు" చెయ్యలేడా? చేస్తాడు, పైగా కార్డుకి సరిపడే కొలతలో చేస్తాడు. రెండు జాగ్రత్తలు మాత్రం మీవే. మొదటిది అక్షరం రూపు. అక్కడి కంప్యూటర్లో ఉన్న ఫాంటుకి వదిలేస్తే మీ కార్డు మీద కూడా హెడ్మాస్టరుగారే కనపడతారు. ఉచితంగా దొరికే తెలుగు యూనికోడ్ ఫాంట్లు బోలెడున్నాయి. గురజాడ పేరుతో కూడా ఒకటుంది, విజయనగరం వాళ్ళకి ముచ్చట. స్టాంపుకి మాత్రం రామభద్ర లాంటి లావుపాటిది ఎంచుకోండి. సన్నటి గీతలున్నవైతే రబ్బరు మీద ఒత్తులు సరిగ్గా పడవు. మాటని మీరే పేర్చుకుని బొమ్మగా చేసి పట్టుకెళ్ళండి.

రెండో జాగ్రత్త, ఏ రకం స్టాంపు అన్నది. కొట్టులో ముందు చూపించేది తనలోనే ఇంకు పట్టుకునే రకం, నొక్కితే టక్కున పడుతుంది. కార్డులకి అది వద్దు. ఒకే రంగుకి కట్టుబడిపోతారు, కొలతలూ చిన్నవి. బాగా వాడుకలో ఉన్న ఒక కొలత 38 మిల్లీమీటర్ల పొడవు, 14 వెడల్పు. అందులో "శుభాకాంక్షలు" ఇరుక్కుని కూర్చుంటుంది. పాతకాలం పద్ధతిలో పిడికి రబ్బరు అంటించి ఇమ్మనండి. అప్పుడు ఏ ప్యాడు మీదైనా అద్దుకోవచ్చు, ఇవాళ పసుపు, రేపు మెరూన్. ఒకసారి చేయించుకుంటే ఏళ్ళ తరబడి వస్తుంది.

మాట కొట్టువాడిది, బొమ్మ మీది. పెన్సిలు చెరిపే పెద్ద తెల్ల రబ్బరు, లినోకట్టు అనే అచ్చు పనికి వాడే V ఆకారపు కట్టరు ఉంటే ఇంట్లోనే చెక్కుకోవచ్చు. పెన్సిలుతో ట్రేసింగ్ కాగితం మీద గీసి, బోర్లించి రబ్బరు మీద గోటితో రుద్దితే గీత దిగుతుంది. అలా దిగినప్పుడే తిరగబడి ఉంటుంది కనుక, అచ్చు వేస్తే సరిగ్గా వస్తుంది. గుండ్రాలు చెక్కేటప్పుడు కట్టరుని కదపకుండా రబ్బరునే తిప్పాలి. అక్షరాలు చెక్కాలన్న ఉత్సాహం ఉంటే "శుభం" లాంటి పొట్టి మాటతో సరిపెట్టుకోండి. అరంగుళం కన్నా చిన్నగా చెక్కితే "క్ష" లోపలి మెలికలు తెగి ఊడి వస్తాయి.

బొమ్మలకి మన వైపు కరువు లేదు. బొబ్బిలి వీణ ఉంది. పొడుగ్గా, ఒక కొసన కుండ, ఒక కొసన యాళి, అంటే సింహంలాంటి పురాణ మృగం తల. పొడవాటి రబ్బరు ముక్క మీద అచ్చంగా అమరుతుంది. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఇంకా బాగుంటుంది. వాలుగా లేచిన మాను, దాని కొసన కూర్చున్న పూజారి, అంతే బొమ్మ. దసరా అయ్యాక వచ్చే మంగళవారం ఉత్సవానికి దూరాన ఉన్న బంధువులకి పంపితే ఏ కొన్న కార్డూ దాని ముందు నిలవదు. సవర గిరిజనుల గోడచిత్రాల్లా ఎర్రమన్ను రంగు మీద తెల్లటి గీతల మనుషులు వరసగా నిలబడే పద్ధతి స్టాంపుకోసమే పుట్టినట్టుంటుంది. ఒక మనిషినీ ఒక చెట్టునీ చెక్కితే చాలు, వరసంతా వచ్చేస్తుంది. అవి వాళ్ళకి పూజలో భాగం కాబట్టి ఉన్న బొమ్మని ఉన్నట్టు దింపుకోను, ఆ వరస పద్ధతి వరకే తీసుకుంటాను.

ఇక్కడ ఇంకు సంగతి చెప్పకపోతే డబ్బు వృథా. ముదురు కాగితం మీద తెల్లగా పడాలంటే పిగ్మెంటు ఇంకే కావాలి. డై ఇంకు కాగితంలోకి ఇంకిపోతుంది, కింది రంగుని కప్పలేదు. పిగ్మెంటు పైనే నిలబడి కప్పుతుంది, అందుకే ఆరడం ఆలస్యం. మన తేమ గాలికి ఇంకాస్త ఆలస్యం, నున్నటి కాగితమైతే మర్నాటికి కూడా వేలికి అంటొచ్చు. ఆఫీసు ఊదా ప్యాడు చవకే గానీ మెత్తటి కాగితం మీద అంచులు పాకుతుంది, ఎండలో వెలుస్తుంది. స్టాంపు గీతలో మార్కరుతో రంగు నింపుదామనుకుంటే జతలు చూసుకోవాలి. మెమెంటో బ్రాండు లాంటి డై ఇంకు మీద ఆల్కహాల్ మార్కరు నిక్షేపంగా నడుస్తుంది, నీటి బ్రష్ తగిలిస్తే అదే ఇంకు చెదిరిపోతుంది. ప్లాస్టిక్ మీద కూడా అంటుకునే సాల్వెంటు ఇంకుది తిరగబడిన గుణం. నీటికి కదలదు, ఆల్కహాల్ మార్కరు తగిలితే పాకుతుంది. దాన్ని పారదర్శక పాలిమర్ స్టాంపులకి వాడకపోవడమే మంచిది, వాటిని పాడు చేస్తుంది.

కాగితం పని అంటే క్విల్లింగు (సన్నటి కాగితం పట్టీల్ని చుట్టి పువ్వులు చేయడం), పాపప్, పంచింగు ముక్కలు. చూపుకి ఇవే గొప్పవి, కాదనను. స్వయంగా చేతికిచ్చే కార్డైతే క్విల్లింగు పువ్వు ముందు నా స్టాంపు వెలవెలపోతుంది. తపాలా డబ్బాలో వెయ్యాలంటేనే గొడవ. క్విల్లింగు పట్టీ వెడల్పు సాధారణంగా 3 లేదా 5 మిల్లీమీటర్లు, అంటే కార్డు మీద పువ్వు అంత ఎత్తున నిలబడుతుంది. కవర్లో పెట్టి, కట్టలో బిగించి, పైన తపాలా ముద్ర కొడితే ఆ పువ్వు చిరోటీలా నలిగి చేరుతుంది. పైగా బరువు. సాధారణ ఉత్తరానికి 20 గ్రాముల దాకా 5 రూపాయలు. 250 జీఎస్ఎం (చదరపు మీటరుకి 250 గ్రాముల) కాగితం A4 షీటు ఒక్కటే 15.6 గ్రాములు. దాన్ని సగానికి మడిచి పెద్ద కవర్లో పెడితేనే 20 దాటిపోతుంది. అదే సగం షీటుని మడిస్తే 7.8 గ్రాములు, చిన్న కవరు నాలుగైదు గ్రాములు, అలంకారానికి ఇంకా చోటు మిగులుతుంది. స్టాంపు కార్డులో ఇంకు బరువెంత? ఏమీ లేదు.

పాపప్ మాత్రం ఈ తిట్లకి మినహాయింపు. మూసినప్పుడు చదునుగా పడుకుంటుంది, తెరిస్తేనే లేస్తుంది. ముగ్గు మధ్యలోంచి గొబ్బెమ్మ లేచే కార్డు ఒకటి సులువుగానే చేసుకోవచ్చు. మడతలు మాత్రం ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో గీత లాగాకే మడవండి, కాగితం పోగు వెళ్ళే దిక్కులోనే మడవండి. లేకపోతే 250 జీఎస్ఎం కాగితం మడత దగ్గర పగులుతుంది. క్విల్లింగు పంపక తప్పదంటే చిన్న అట్టపెట్టెలో పెట్టి స్పీడు పోస్టు చేయండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని కూడా అందులోనే కలిపేశారు.

స్టిక్కర్లు, గ్లిట్టరు, ముత్యాలు: కావాలంటే ఒకటి రెండు. గ్లిట్టరు మాత్రం ఉగాది దాకా ఇంట్లో దొరుకుతూనే ఉంటుంది. కట్టింగు మిషన్లు అమ్మకానికి చేసేవాళ్ళకే.

కాబట్టి ఎవరు ఏం కొనాలి? ఇరవై, ముప్ఫై ఇళ్ళకి పంపేవాళ్ళు, తెలుగులోనే ఉండాలనుకునేవాళ్ళు ఒక రబ్బరు స్టాంపు చేయించుకుని, ఒక డై ప్యాడు, ఒక తెల్ల పిగ్మెంటు ప్యాడు, రెండు పెద్ద రబ్బర్లు, ఒక కట్టరు కొనండి. పేరు రాయడానికి గుండ్రటి కొన మార్కరు ఒక్కటి చాలు. కాగితానికి శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సులో అడిగి చూడండి, కోతలో మిగిలిన మందపాటి ముక్కలు ఇస్తే అవే చాలు. ఇద్దరు ముగ్గురు స్నేహితులకే అయితే మార్కర్లే కొనుక్కోండి, స్టాంపు ఖర్చు అనవసరం. రబ్బరు స్టాంపు చేయించేవాళ్ళు సంక్రాంతి వారం దాకా ఆగకుండా డిసెంబరులోనే ఇచ్చేయండి. అచ్చు తప్పు పడితే మళ్ళీ చేయించుకునే వ్యవధి ఉండాలి. తీసుకునేటప్పుడు అక్కడే తెల్ల కాగితం మీద వేసి, ఒత్తులు ఒక్కొక్కటీ చదివి చూసుకోండి.

పిల్లలతో చేయించేవాళ్ళకి ఒక మాట. చెక్కడం మీరు చేసి, అద్దడం వాళ్ళకి వదిలేయండి. కట్టరు కొన చాలా పదును. స్టాంపు వంకరగా పడ్డ కార్డుల్ని తీసేయకండి, అమ్మమ్మలు దాచుకునేవి అవే.