పేరులేని 12 వోల్టుల అడాప్టర్: ఏ చప్పుడుకు ఏం చేయాలి?

రూటర్ అడాప్టర్ పోయిందంటే కోఠి గుజరాతీ గల్లీ నుంచి మన వీధి చివర ఎలక్ట్రికల్ షాపు దాకా చేతిలో పెట్టేది ఒకటే: కంపెనీ పేరులేని నల్ల డబ్బా, మీద 12 వోల్టులు, 2 ఆంపియర్లు. ఒక ఆంపియర్ లోపు లాగే రూటర్‌కి ఫరవాలేదు. హార్డ్ డిస్క్ ఉన్న సీసీ కెమెరా డీవీఆర్‌కి (దృశ్యాలు రికార్డు చేసే డబ్బాకి) మాత్రం వద్దు. డిస్క్ తిరగడం మొదలయ్యేటప్పుడు లాగే కరెంటుకు ఇది చతికిలబడుతుంది.

దీనిమీద పెద్ద ఫిర్యాదు చప్పుడు. అయితే ప్రతి చప్పుడూ లోపం కాదు.

రూటర్ తగిలించకుండా ప్లగ్‌లో ఉంచితే సన్నగా కీచుమంటుందా? భయం లేదు. లోపలి ఐసీ (కరెంటును నియంత్రించే చిప్) మామూలుగా 20 కిలోహెర్ట్జ్‌కి పైన, చెవికి అందని వేగంతో స్విచ్ అవుతుంది. లోడు, అంటే కరెంటు లాగే పరికరం, లేనప్పుడు పల్సులను గుంపులుగా వదిలి, మధ్యలో ఆగుతుంది. ఆ గుంపుల వేగం చెవికి అందే స్థాయికి దిగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కోర్ అదే వేగంతో కంపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి వార్నిష్ సరిగా పట్టించకపోతే ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

సెకనుకోసారి టిక్, టిక్ అంటూ లైటు కూడా వెలిగి ఆరుతుంటే అది వేరే సంగతి. అడాప్టర్ స్టార్ట్ అవ్వబోయి, రక్షణ కోసం ఆగి, మళ్లీ ప్రయత్నిస్తోంది. రూటర్ నుంచి పిన్ను తీసేయండి. టిక్కులు ఆగాయా, రూటర్‌లో షార్ట్ ఉండొచ్చు, లేదా అడాప్టర్ లోడు మోయలేకపోతోంది. మంచి అడాప్టర్‌తో రూటర్ నడిస్తే రెండోదే. పిన్ను తీసినా ఆగకపోతే తప్పు అడాప్టర్‌దే, లేదా దాని వైరు లోపల రెండు తీగలూ కలిసిపోయాయి.

రూటర్ నడుస్తుండగా రోజురోజుకూ పెరిగే కీచు, మధ్యమధ్య దానంతటదే రీస్టార్ట్ కావడం: ఇక్కడ మొదట అనుమానించాల్సింది అవుట్‌పుట్ కెపాసిటర్, అంటే బయటికొచ్చే వోల్టేజీని నిలకడగా ఉంచే భాగం. వేడికి ఎండిపోతుంది. లోడు లేకుండా మల్టీమీటర్ 12 వోల్టులు చూపిస్తే సరిపోదు. 12 వోల్టుల, 10 వాట్ల బండి బల్బు తగిలించి చూడండి, అది సుమారు 0.8 ఆంపియర్ లాగుతుంది. చల్లని ఫిలమెంట్ ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది కాబట్టి మొదట ఒకటి రెండు టిక్కులు వస్తే పట్టించుకోవద్దు. బల్బు వెలుగుతుండగా 11.4 వోల్టుల కంటే దిగితే ఆ అడాప్టర్ పని అయిపోయినట్టే.

చిటపటలు, కాలిన వాసన వస్తే మాత్రం పరీక్షలొద్దు. మెయిన్ స్విచ్ ఆపి, ఆ తర్వాతే ప్లగ్ తీయండి. సాకెట్ వదులై నిప్పురవ్వలు రావచ్చు, లోపల టంకం ఊడి ఉండొచ్చు. సాకెట్ నల్లబడితే దాన్ని కూడా మార్పించాలి.

విప్పి కెపాసిటర్ మార్చమని ఈ డబ్బా విషయంలో చెప్పలేం. మూత అతికించి ఉంటుంది, పగలగొడితే మళ్లీ భద్రంగా మూయడం కుదరదు. పైగా 230 వోల్టుల సరఫరాతో లోపలి పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కొంతసేపు నిలవొచ్చు.

కొత్తది కొనేటప్పుడు లేబుల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కింద ఆర్‌తో మొదలయ్యే నంబర్ చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. తయారీదారు పేరు లేబుల్‌తో కలవకపోతే తిరిగి ఇచ్చేయండి. పిన్ను కొలత, లోపలి భాగం పాజిటివ్ అవునా కాదా అన్నది పాత అడాప్టర్ పక్కన పెట్టి షాపులోనే సరిచూసుకోండి.