కత్తి మంచిదే, పేచీ పెట్టెతోనే

గడ్డం గీసుకునే ఈ మడత కత్తి సెట్టు కొన్న కొత్తలో ఇంటికి ఎవరు వచ్చినా ముందు పెట్టె చూపించేవాణ్ణి, తర్వాతే కత్తి. పైన నల్లటి తోలు, లోపల ముదురెరుపు మఖమలు, కత్తి ఒదిగేలా తీసిన గుంట, మూత దగ్గరకు తెస్తే టక్కున అతుక్కునే అయస్కాంతం. పెట్టెకే సగం డబ్బు ఇవ్వవచ్చని ఆఫీసులో నలుగురి ముందు అన్నాను. ఆ మాట విని అనంతపురంలో ఉండే మా తోడల్లుడు అదే సెట్టు తెప్పించుకున్నాడు. నేను కొని ఇప్పటికి నాలుగేళ్లు దాటింది. కత్తి గురించి అప్పుడు చెప్పినవాటిలో చాలా వరకు ఇప్పుడూ చెబుతాను. పెట్టె గురించి చెప్పింది మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

కత్తి జర్మనీలోని సోలింగెన్ అనే ఊరిది, కార్బన్ ఉక్కు. మిగతా కొలతలు ఎక్కడైనా దొరుకుతాయి. సోలింగెన్ పేరును మరో ఊళ్లో చేసిన కత్తి మీద వేయకుండా జర్మనీలో 1938 నుంచి చట్టం ఉంది కాబట్టి ఆ ముద్రను నమ్మాను, నమ్మి చెడిపోలేదు. కత్తి ముక్కు, అంటే కొస, గుండ్రంగా ఉన్నది తీసుకోవడం నేను చేసిన తెలివైన పని. కోసుగా ఉన్నదైతే మొదటి నెలలోనే చెవి తమ్మెను వెతుక్కుంటూ వెళ్లేది. కోసే భాగాన్ని, అంటే అలుగును, రెండు పక్కలా లోతుగా తొలిచి పలుచన చేశారు కనుక గడ్డం మీద నడిచేటప్పుడు సన్నగా గరగరమంటుంది. ఆ చప్పుడుకు తెగ మురిసిపోయాను, అందరికీ వినిపించాను కూడా. అయితే నాది ముతక గడ్డం. రెండు రోజులు వదిలేస్తే దవడ కింద ఆ పలుచటి అలుగు కాస్త వంగి తడబడుతుంది. ఇంకొంచెం మందం ఉన్నది కొనాల్సిందేమో అని ఈమధ్య అనిపిస్తోంది.

గీసుకునే ముందు పదును సరిచేసుకోవడానికి ఒక పక్క తోలు, ఒక పక్క గుడ్డ ఉన్న పట్టీ ఉంటుంది. దాని తోలు మీద మొదటి వారంలోనే గాటు పెట్టాను. మొద్దుగా ఉండే వెన్ను ముందు నడవాలి, పదునైన అంచు, అంటే వాదర, వెనక రావాలి, చివర తిప్పేటప్పుడు వెన్ను తోలును వదలకూడదు. ఇవి నోటికి వచ్చినంత త్వరగా చేతికి రావు. గుడ్డ వైపు ఇరవై సార్లు, తోలు వైపు యాభై సార్లు తొందర లేకుండా లాగడం అలవాటు కావడానికి నాకు రెండు నెలలు పట్టింది. మొదటి పట్టీ చవకది కొనండి, దాని మీద గాటు తప్పదు. గీసుకోవడం కూడా అంతే. మొదటి పది రోజులు చెంపల వరకే కత్తితో, గడ్డం కొసా మెడా పాత రేజరుతో కానిచ్చాను. కత్తిని చర్మానికి దాదాపు 30 డిగ్రీలు వంచి పట్టుకోవాలని అందరూ చెబుతారు. కానీ రెండో చెయ్యి చర్మాన్ని బిగించి పట్టుకోకపోతే ఆ డిగ్రీలు ఎందుకూ పనికిరావు.

ఇప్పుడు పెట్టె సంగతి.

మేముండేది విశాఖపట్నంలో, సముద్రానికి ఎంతో దూరం కాదు. కిటికీ ఊచలకు ఏటా రంగు వేయించినా గోరుతో గీకితే పెచ్చులు లేస్తాయి. అది తెలిసి కూడా, ఖరీదైన కత్తిని ఖరీదైన పెట్టెలో దాస్తే భద్రమనుకున్నాను. రెండో ఏడు ఆగస్టులో బంధువుల పెళ్లికి హైదరాబాదు వెళ్లి పన్నెండు రోజులు ఉండిపోయాం. వెళ్లేముందు కత్తిని శుభ్రంగా కడిగి, తువ్వాలుతో తుడిచి, మఖమలు గుంటలో పడుకోబెట్టి మూత వేశాను. ఆ మూత టక్కుమనడం ఇప్పటికీ చెవిలో ఉంది.

తిరిగి వచ్చిన మర్నాడు ఉదయం తెరిస్తే అలుగు మీద ఏడు మచ్చలు. ఆవగింజలో నాలుగో వంతు ఉంటాయేమో ఒక్కొక్కటి, ఇటుకరంగులో. నాలుగు అలుగు మధ్యలో ఉన్నాయి, వాటితో బాధ లేదు. మూడు మాత్రం సరిగ్గా వాదర మీదే. ఇత్తడి సామాను తోమే పాలిష్ కొద్దిగా గుడ్డకు రాసి రుద్దితే రంగు పోయింది. గండం గడిచిందనుకుని, పట్టీ మీద నాలుగు సార్లు లాగి, నురగ పట్టించుకుని మొదలుపెట్టాను. చెవి దగ్గర నుంచి కిందికి ఒక్క గీత. మామూలుగా వెన్నలా జారే చోట పట్టి లాగినట్టయింది. రెండో గీతకు తెల్లటి నురగలో మూడు ఎర్ర చుక్కలు వరుసగా తేలాయి, వాదర మీద మచ్చలు ఎంతెంత ఎడంగా ఉన్నాయో సరిగ్గా అంతంత ఎడంగా. సగం గడ్డంతో ఆఫీసుకు వెళ్లలేక మిగతాది పాత రేజరుతో గీసుకున్నాను. సాయంత్రం గడియారాలు బాగుచేసే మిత్రుడి దగ్గర భూతద్దం తీసుకుని చూస్తే, రంగు పోయిన చోటల్లా గుంటలు. నా కత్తికి మూడు పళ్లు ఊడిపోయాయి.

అమ్మిన చోటికి రాస్తే తుప్పు తమ పూచీలోకి రాదన్నారు. అది నిజమే కావచ్చు. కానీ ఆ పెట్టె కూడా వాళ్లు ఇచ్చిందే కదా!

పూర్ణా మార్కెట్ దగ్గర ఒక సెలూనులో నూరడం తెలిసిన పెద్దాయన ఉన్నారని విని వెళ్లాను. దుకాణం ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. నేను వెళ్లేసరికి అతను బ్లేడును కాగితంలో ఉండగానే నిలువునా రెండుగా విరిచి, ఒక ముక్కను పిడిలోకి ఎక్కిస్తున్నాడు. ఇప్పుడు ఏ సెలూనులో చూసినా అదే, ఒకరికి వాడిన ముక్క మరొకరికి వాడరు. పదును పోతే పారేయడమే, నూరే పనే లేదు. పెద్దాయన వెనక బల్ల మీద కూర్చుని ఉన్నారు. కత్తిని చేతిలోకి తీసుకుని బొటనవేలి గోరు మీద వాదరను మెల్లగా జరిపి చూశారు. మూడు చోట్ల ఆగింది. తల ఊపారు.

"ఎక్కడ పెట్టావు బాబూ దీన్ని?"

పెట్టె చూపించాను. మూత తీసి, కత్తిని చూసినంత సేపు చూసి, మఖమలు వాసన చూశారు. నన్నూ చూడమన్నారు. వానాకాలం మడిచి పెట్టిన కంబళి వాసన.

"తడిగుడ్డలో చుట్టి పెట్టినట్టే కదా ఇది. తోలు, గుడ్డ నీళ్లు తాగుతాయి. తాగినవి మళ్లీ ఎవరికిస్తాయి? లోపల ఉన్నది కత్తి ఒక్కటేనాయె."

మరి మీ పొదిలో కత్తులు ఎలా ఉండేవని అడిగాను, అదీ తోలుదే కదా అని. ఆయన నవ్వారు. "రోజూ పది గడ్డాలు గీసే కత్తికి తుప్పు పట్టే తీరిక ఎక్కడిది?"

నా దగ్గర 1000, 4000, 8000 నంబర్ల నూరుడు రాళ్లు ఉన్నాయి, నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన. వాటినే తెచ్చుకోమన్నారు. తెచ్చాను. వెన్నూ వాదరా రెండూ రాయికి ఆనించి, పట్టీ మీద లాగే తీరుకు పూర్తిగా తిరగేసి, వాదర ముందు నడిచేలా నూరారు. కోణం కొలవక్కర్లేదు, వెన్ను మందమే కోణాన్ని నిలబెడుతుంది. వెన్ను అరగకుండా ఎలక్ట్రీషియన్లు వాడే టేపు ఒక పొర అంటించడం నా అలవాటు. ఆయన దాన్ని పీకి పక్కన పెట్టారు. టేపు మీద చెయ్యి తెలియదట. మూడు గుంటలూ పోయేదాకా 1000 రాయి మీదే ముప్పావుగంట గడిచింది. చివర తన నల్లరాయి మీద నీటి చుక్క వేసి, ఊపిరి పెట్టినంత బరువుతో నడిపారు. నా తలలోంచి ఒక వెంట్రుక పీకి, వేలాడదీసి వాదరకు తాకిస్తే చప్పుడు లేకుండా తెగింది. కత్తి వెడల్పు ఎంత తరిగిందో కంటికి తెలియలేదు. నాకు మాత్రం నాలుగైదేళ్ల ఆయుష్షు ఆ నీళ్లలో కలిసి పోయినట్టే అనిపించింది. మూడు వందలు తీసుకున్నారు.

అప్పటి నుంచి నా పద్ధతి వేరు. గీసుకోవడం కాగానే వెన్ను నుంచి వాదర వైపు తుడుస్తాను, అడ్డంగా ఎప్పుడూ తుడవను. పిడి రెండు రేకుల మధ్య పలుచటి కాగితం దూర్చి తీస్తాను, అక్కడ దాక్కున్న నీటి చుక్క కంటికి కనబడదు. పట్టీ గుడ్డ వైపు పది సార్లు లాగుతాను. ఇది పదును కోసం కాదు, తడి ఆరడానికి. తర్వాత కత్తిని తెరిచే ఉంచి, ఆవిరి తగలకుండా స్నానాలగది బయట, మా అమ్మాయికి అందని బీరువా మీద పెడతాను. రెండు రోజులకు మించి ఊరు వెళ్తే కుట్టుమిషను నూనె ఒక చుక్క వేలితో పూసి, గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ టిఫిను డబ్బాలో, మందుల సీసాల్లోంచి దాచిన, తేమ పీల్చే సిలికా పొట్లాలతో పాటు పెడతాను. మొదట కొబ్బరినూనె పూసి చూశాను, దుమ్మూ పీచూ అంటుకుని చిరాకు తెప్పించింది. ఈ రెండేళ్లలో కొత్త మచ్చ ఒక్కటే పడింది, అదీ పిడి మేకు దగ్గర, గీసుకునే చోటు కాదు.

ఐరోపాలో ఒకప్పుడు రోజుకొకటి చొప్పున వారానికి సరిపడా ఏడు కత్తులున్న సెట్లు అమ్మేవారు, ఒక్కో కత్తి వెన్ను మీద ఒక్కో రోజు పేరు చెక్కి. అవీ మఖమలు పెట్టెల్లోనే ఉండేవి. అందుకే పెట్టె చేసినవాళ్ల మీద పూర్తిగా కోపం రాదు. వాళ్లు చూసిన గాలి వేరు. ఆ పెట్టెను మన కోస్తాకు పంపేటప్పుడు లోపల ఒక చీటీ పెట్టి ఉంటే చాలు.

కొనవచ్చా అంటే, కత్తి కొనవచ్చు. ఉదయం పాతిక నిమిషాలు తీరిక ఉండి, ఇంట్లో చిన్నపిల్లలకు అందని చోటు ఉండి, నూరేవాళ్లు దగ్గర్లో ఉంటే. నాకు ఆ పెద్దాయన దొరికారు కాబట్టి ఇలా రాస్తున్నాను. దొరకకపోయి ఉంటే ఈ పాటికి సెలూను కుర్రవాడిలా సగం బ్లేడు పిడి కొనుక్కుని ఉండేవాణ్ణి. సముద్రం దగ్గర ఉండేవాళ్లు స్టెయిన్‌లెస్ కత్తి గురించి ఆలోచించవచ్చు. అది నూరడం ఇంకా కష్టమంటారు, నేను వాడలేదు.

మా తోడల్లుడికి ఫోను చేసి పెట్టె సంగతి చెబితే, "మచ్చేమీ లేదు అన్నయ్యా, మొదటి రోజు నుంచీ అందులోనే పెడుతున్నాను" అన్నాడు. అనంతపురం గాలి అలాంటిది. ఫొటో కూడా పంపాడు, నా కత్తి కంటే మెరుస్తోంది. వచ్చే జూన్‌లో కాకినాడకు బదిలీ అవుతుందని మాటల్లో చెప్పాడు. మర్నాడే టిఫిను డబ్బా ఒకటి, ఆరు సిలికా పొట్లాలు పార్సిల్ చేశాను.